బాటసారి ఒక్క రాత్రి నిలిచినచో

దేశాటనము వలన బుద్ధి వికసించునని మన పెద్దలు చెప్పుచుందురు. అది నిజమే. కాని తిరుగువారికి కలుగు లాభమును గూర్చి చెప్పుకొన్నంతగా, వారు తిరిగెడి ఊళ్ళకు కలుగు మేలుకీడులను గూర్చి మనము ఆలోచింపము. యాత్రికుడు వచ్చి పోయిన పిదప ఆ యూరికి మిగిలినదేమి? ఈ ప్రశ్నను ప్రభుత్వములు అంకెలతో అడుగును. మేము ఇంటి ఇల్లాలి కన్నులతో అడుగదలచితిమి. దానికి ఉదాహరణము కొఱకు దూరదేశములకు పోనక్కఱలేదు. తెనాలికి నాలుగైదు కిలోమీటర్ల దూరముననున్న నందివెలుగు గ్రామమే చాలును.

గుంటూరు నగరమున నందివెలుగు రోడ్డను పెద్ద బాట యొకటి కలదు. నిత్యము వేలకొలది జనులు ఆ పేరు పలుకుచు బేరసారములు చేయుచుందురు. ఆ పేరుగల యూరు మాత్రము వారిలో పెక్కుమంది కాలు మోపనిది. అక్కడ శివాలయము కలదు. నంది కన్నులనుండి వెలువడిన వెలుగు వలన ఊరికి ఆ పేరు వచ్చెనని పెద్దలు చెప్పుకొందురు. ఇంత చక్కని పేరు, ఇంత చక్కని గాథ కలిగియు, తెనాలికి పోవువారికిది దాటిపోవు మైలురాయి వంటిదే. దాటిపోవువారు వేలు, ఆగువారు పదులు. ఇది నందివెలుగు ఒక్కదాని కథ కాదు, మన డెల్టా పల్లెలన్నింటి కథ.

మన ముంగిటనున్న సొత్తు

ఈ ప్రాంతమున చూడదగినదేమున్నదని మనవారే అడుగుదురు. ఒకసారి లెక్క చూతము. తెనాలి పట్టణము మూడు కాలువల నడుమ నున్నది. నాటకములకును, సాహిత్యమునకును పేరుపడి ‘ఆంధ్రా పారిస్’ అని పిలిపించుకొన్నది. అక్కడి శిల్పులు కంచుతోను, పనికిరాని ఇనుపముక్కలతోను విగ్రహములు చేసి దూరదేశముల వారిని ఆశ్చర్యపఱచుచున్నారు.

గుంటూరునుండి బాపట్లకు పోవు దారిలో చేబ్రోలు కలదు. కోనేటి నడుమ చతుర్ముఖ బ్రహ్మకు గుడి కలిగిన యూరది. అమరావతి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు దానిని కట్టించెను. ఆ యూరనే దొరికిన యొక శాసనమును గూర్చి పురావస్తుశాఖవారు 2019 డిసెంబరులో ప్రకటించిరి. శాతవాహన రాజైన విజయుని కాలమునాటిదది. క్రీస్తు శకము 207వ సంవత్సరమునకు చెందినది. దక్షిణదేశమున కాలము నిశ్చయింపగల సంస్కృత శాసనములలో ఇదియే తొలిదని వారు చెప్పిరి. సప్తమాతృకల యారాధనకు ఇంతకంటె పూర్వపు శాసనాధారము లేదనియు చెప్పిరి. అమ్మవారి గుడికి పదునెనిమిది వందల యేండ్ల నాటి సాక్ష్యము మన పక్క యూర నున్నదని మనలో ఎందఱికి తెలియును?

తెనాలినుండి రేపల్లెకు 1916లో వేసిన రైలుదారి మీద భట్టిప్రోలు కలదు. అక్కడి బౌద్ధస్తూపము క్రీస్తునకు పూర్వపుది. 1892లో అలెగ్జాండరు రీ యను అధికారి దానిని త్రవ్వించినప్పుడు రాతి పెట్టెలును, వాని లోపల స్ఫటికపు భరిణెయు, బంగారు పూవులును బయల్పడినవి. పెట్టెల మీద చెక్కిన యక్షరములు బ్రాహ్మీ లిపిలో ఒక ప్రత్యేకమైన తెగ. వాని వలన కుబేరకుడను రాజు పేరు లోకమునకు తెలిసెను. అంతకంటె మనకు ప్రియమైన సంగతి యొకటి యందున్నది. బుద్ధుని ధాతువుల నుంచుటకై ఆ పెట్టెను, స్ఫటికపు భరిణెను చేయించిన వారిలో కురుని తండ్రియు, కురుని తల్లియు కలరు. రెండు వేల యేండ్ల క్రిందట ఒక తల్లి తన కుటుంబముతో కూడి చేసిన దానము, ఆమె సొంత పేరు లేకున్నను, ‘కురుని తల్లి’ యను మాటతో నిలిచియున్నది.

ఇంకను దక్షిణమునకు పోయినచో రేపల్లె, దాని దాపున నిజాంపట్నము. ఇంగ్లీషు వర్తకులు 1611లో ‘గ్లోబు’ అను నౌకపై వచ్చి సరకులకు బేరము కుదుర్చుకొన్న రేవు అది. నేడు చేపల రేవు. సముద్రపుటొడ్డున మడ అడవులు కలవు. పడమరగా పోయినచో భావనారాయణస్వామి వెలసిన బాపట్ల. భావపురియే బాపట్లయైనదందురు. దానికి తొమ్మిది కిలోమీటర్ల దూరమున సూర్యలంక సముద్రతీరము. మఱికొంత దూరమున వేటపాలెమున 1918లో స్థాపించిన సారస్వత నికేతనమను గ్రంథాలయము. చీరాల నేతగాండ్ర మగ్గములు. ఇవి యన్నియు రెండు రోజుల ప్రయాణమునకు లోబడిన దూరములోనే కలవు.

లెక్కలు చెప్పునవి, చెప్పనివి

యాత్రలను దేశాభివృద్ధికి సాధనము చేసికొనవలెనను తలంపు మనకు క్రొత్తది కాదు. స్వాతంత్ర్యమునకు ముందే, 1945లో, సర్ జాన్ సార్జెంటు అధ్యక్షతన ఒక సంఘము దీనిని విచారించెను. 1966లో భారత పర్యాటకాభివృద్ధి సంస్థ యేర్పడెను. 1982లో మొదటి జాతీయ పర్యాటక విధానమును, 2002లో రెండవదియు వెలువడినవి. 2014–15 నుండి ‘స్వదేశ దర్శన్’ అను పథకము క్రింద ఒకే తీరు స్థలములను ఒక దారిగా కూర్చుట మొదలయ్యెను. మన రాష్ట్రమున శాలిహుండము, తొట్లకొండ, బావికొండ, బొజ్జన్నకొండ, అమరావతి, అనుపులను కలుపు బౌద్ధయాత్రా మార్గమును ఆ పథకమున చేర్చిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన క్రొత్త విధానమున పర్యాటకమునకు పరిశ్రమ హోదా నిచ్చెను.

ఇక అంకెలు. 2019లో మన దేశమునకు వచ్చిన విదేశీయులు సుమారు 1 కోటి 9 లక్షలు. అదే యేట మనవారు మన దేశములోనే చేసిన యాత్రలు 230 కోట్లకు మించినవి. ఇది యాత్రల లెక్కయే కాని మనుషుల లెక్క కాదు. ఒకే కుటుంబము తిరుపతికి, శ్రీశైలమునకు, అన్నవరమునకు పోయినచో పలుమాఱులు లెక్కకు వచ్చును. అయినను ఈ రెండంకెల నడుమ నున్న భేదమును చూడుడు. 2020లో కరోనా వ్యాధి వలన దారులు మూతపడగా విదేశీయుల రాక 27 లక్షలకు పడిపోయెను. పరదేశి మీదనే ఆశ పెట్టుకొన్న యూళ్ళు నాడు పస్తులున్నవి. మన పర్యాటకమునకు వెన్నెముక మన కుటుంబములే. పిల్లలను వెంటబెట్టుకొని, పెరుగన్నము మూట గట్టుకొని బయలుదేరు ఇల్లాలే అసలైన యాత్రికురాలు.

కాని ఈ లెక్కలు ఒక సంగతిని చెప్పవు. ఆమె ఎంత సేపు ఆగినది? ఆమె ఖర్చు చేసిన రూకలు ఎవరి చేతికి చేరినవి? ఇదియే మా వ్యాసమునకు ప్రాణము.

హైదరాబాదునుండి ఒక కుటుంబము సొంత కారులో వచ్చెననుకొందము. నీళ్ళసీసాలు, పొట్లముల తిండి వెంట తెచ్చుకొందురు. గుడి చూచి, స్తూపము చూచి, ఫొటోలు తీసికొని, అరగంటలో మరలుదురు. ఊరికి మిగిలినది దుమ్మును, ఖాళీ సీసాలును. అదే కుటుంబము ఒక్క రాత్రి నిలిచినచో ఏమగునో చూడుడు. సాయంకాలము ఒకరింట పాలు కావలెను. రాత్రికి అన్నము, ఉదయమున పెసరట్టు, దానిలోనికి అల్లపు పచ్చడి కావలెను. ఊరు చూపుటకు ఒక మనిషి, కాలువగట్టుకు పోవుటకు ఒక ఆటో, తిరిగి పోవునపుడు గోంగూర పచ్చడి సీసా, దుగ్గిరాల పసుపు, లంకల అరటిగెల, చీరాల చీర. పది యిండ్లకు పని కలిగినది. చూచి పోవు వేయిమందికంటె నిలిచి పోవు పదిమంది మేలని మేమనుట అందువలననే.

ఆగకుండుటకు కారణమేమి?

1830–31 సంవత్సరములలో చెన్నపట్నమునుండి కాశికి పోయిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తమ యాత్రాచరిత్రలో ప్రతి మజిలీని గూర్చియు వ్రాసిరి. ఎక్కడ దిగుటకు వసతి యున్నది, ఎక్కడ మంచినీరున్నది, ఎక్కడ సామగ్రి దొరకును అను సంగతులే వారికి ముఖ్యము. దాదాపు రెండు వందల యేండ్లు గడచినను యాత్రికుని ప్రశ్నలు మాఱలేదు. స్త్రీలకైతే మఱి రెండు ప్రశ్నలు హెచ్చు: మఱుగు ఎక్కడ? భయము లేని చోటెక్కడ?

పల్లెలలో స్త్రీలు ఆగకుండుటకు మొదటి కారణము శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోవుట. దారిలో నీళ్ళు త్రాగిన కష్టమని ఉదయమునుండి నోరు కట్టుకొని ప్రయాణము చేయు స్త్రీలు ఎందఱో కలరు. శిల్పసౌందర్యమును గూర్చి ఎన్ని పుస్తకములచ్చు వేసినను ఈ బాధ తీరదు. రెండవ కారణము, ఆడువారు, ముసలివారు, పిల్లలతో కలిసి నిర్భయముగ పడుకొనదగిన చోటు లేకపోవుట. మూడవది, చెప్పువారు లేకపోవుట. భట్టిప్రోలులో ఇటుకల గుట్టను చూచినవారికి కురుని తల్లి కథ చెప్పువారు లేనిచో అది వట్టి ఇటుకల గుట్టయే. చూచుటకు కన్నులు చాలవు, చెవులును కావలెను.

ఈ మూడింటిలో ఏదియు కోట్ల రూపాయల పని కాదు. మూడును ఇల్లు నడుపు స్త్రీకి బాగుగా తెలిసిన పనులే.

అన్నమునకు వెల కట్టుటా?

ఇక్కడ పెద్దలొక యాక్షేపణ చేయుదురు. ఆకలిగొన్నవారికి అన్నము పెట్టుట మన ధర్మము గదా, దానికి వెల కట్టుట తగునా యని. ఈ మాటను తేలికగా త్రోసిపుచ్చరాదు. గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వచ్చిన వారికెల్ల కులము, వేళ యనక అన్నము పెట్టి పేరొందిరి. ఆమె మన జాతికి వన్నె తెచ్చినది. ఆ దానమునకు వెల లేదు, ఉండరాదు.

కాని మన దేశమున రెండవ సంప్రదాయమును కలదు. సత్రములు లేని చోట బాటసారులకు పూటకింతయని పుచ్చుకొని భోజనము పెట్టిన పూటకూళ్ళ యిండ్లు తరతరములుగా నుండినవి. వానిని నడపినవారిలో పెక్కుమంది దిక్కులేని స్త్రీలు. గురజాడవారి ‘కన్యాశుల్కము’న పూటకూళ్ళమ్మను చూచి మనము నవ్వుకొందుము. కాని ఆమె ఎవరి సొమ్మునకు ఆశపడక, తన రెక్కల కష్టముతో పరుల ఆకలి తీర్చి బ్రదికినది. లోకము ఆమె వంట తిని, ఆమెను చులకన చేసినది. ఆ చులకన పోవలెనన్నదే మా కోరిక. సీతమ్మగారి దానము పుణ్యము; పూటకూళ్ళమ్మ వంట వృత్తి. రెండింటికిని మన యింట చోటున్నది. వచ్చినవాడు నిరుపేదయైన బాటసారి యైనచో దానము చేయుదము. సొంత కారులో వచ్చి పట్టణములో గదికి వేలు చెల్లించువాడు మన పల్లెలో తగిన వెల యిచ్చుట న్యాయమే. కష్టమునకు తగిన ప్రతిఫలము పుచ్చుకొనుట అతిథిధర్మమునకు లోపము కాదు.

ఇతరులు చేసి చూపినది

ఈ పని కాదగినదే యని చూపుటకు రెండు తార్కాణములు. కేరళమున కుమరకము ఒక బ్యాక్‌వాటర్ల యూరు. హోటళ్ళు పెరిగినను ఊరివారికి లాభము లేదని అక్కడ మొదట అసంతృప్తి పుట్టెను. 2008లో అచ్చటి ప్రభుత్వము ‘బాధ్యతాయుత పర్యాటకము’ అను పద్ధతిని ఆరంభించెను. హోటళ్ళు తమకు కావలసిన కూరగాయలు, కొబ్బరికాయలు, చేపలు మొదలగువానిని ఊరి స్త్రీల సంఘములవద్ద, రైతులవద్ద కొనునట్లు కట్టడి చేసిరి. ధరలు కలసి కూర్చుండి నిర్ణయించిరి. యాత్రికులను ఊరిలోనికి తీసికొనిపోయి చాప అల్లుట, పీచు పేనుట చూపిరి. ఊరిని వెలివేసి కట్టిన హోటలు ఊరితో ముడిపడెను.

రెండవది మన తెలుగువారిదే. తెలంగాణమున పోచంపల్లి 1951లో వినోబాభావే భూదానోద్యమమునకు జన్మభూమి. ఇక్కతు చీరలకు పుట్టినిల్లు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటకసంస్థ దానిని ఉత్తమ పర్యాటక గ్రామములలో ఒకటిగా నెన్నుకొనెను. అక్కడ చూడవచ్చువారు పెద్ద భవనములను చూడరాలేదు. చిటికెడు దారమును కట్టి, రంగులో ముంచి, విప్పి, మగ్గమున కెక్కించు నేర్పును చూడవచ్చిరి. ఆ పనిలో సగము ఆడువారి చేతిదే. చీర కొనువారు కొనుటకు ముందు అది పుట్టు విధము చూచినచో బేరము తగ్గును, గౌరవము హెచ్చును. మన చీరాల నేతకును, మంగళగిరి నేతకును ఇదే మార్గము.

జాగ్రత్తలు

యాత్రికులు వచ్చుట యంతయు మేలేయని మేము చెప్పము. నిలుపుకొనుటకంటె పోగొట్టుకొనుట సులువని మన ప్రాంతపు చరిత్రయే చెప్పుచున్నది. 19వ శతాబ్దమున భట్టిప్రోలు స్తూపపు ఇటుకలు, పాలరాళ్ళు కాలువ పనులకును, బాటలకును తరలిపోయినవి. అమరావతి స్తూపమును 1797లో కర్నల్ మెకంజీ చూచెను. 1845లో వాల్టరు ఎలియటు త్రవ్వించెను. ఆ శిల్పములలో శ్రేష్ఠమైనవి నేడు లండనులోను, చెన్నపట్నములోను కలవు. వానిమీద ఎందఱో స్త్రీల దానములు చెక్కబడియున్నవి. వాని విలువ తెలియని కాలమున రాళ్ళు పోయినవి. విలువ తెలిసిన ఈ కాలమున చెత్త వలన, ఆక్రమణల వలన, గోడలమీద పేర్లు చెక్కు వెఱ్ఱి వలన పోగొట్టుకొన్నచో క్షమింప వీలులేదు.

సూర్యలంక తీరమున సెలవుదినములలో జనము క్రిక్కిరియుదురు. అలలు చూచుటకు మెత్తనివైనను లోపలి లాగుడు బలమైనది. ప్రతి యేటను ఎందఱో తల్లులకు గర్భశోకము కలుగుచున్నది. గజఈతగాండ్రు, హెచ్చరిక జెండాలు, స్నానమునకు హద్దులు లేనిచో అది విహారస్థలము కాదు. ఎంత పెద్ద హోటలు కట్టినను అంతే. పిల్లలను తీరమునకు పంపు తల్లులు ఈ ఏర్పాట్లున్నవో లేవో మొదట విచారింపవలెను.

జనము మితిమీఱినను ముప్పే. ఇటలీలో వెనిస్ నగరము యాత్రికుల తాకిడికి తాళలేక, 2024 ఏప్రిల్ నుండి కొన్ని దినములలో పగలు వచ్చి పోవువారివద్ద ప్రవేశ రుసుము పుచ్చుకొనసాగెను. రాత్రి నిలుచువారికి ఆ రుసుము లేదు. లోకప్రసిద్ధమైన నగరము సైతము నిలిచి పోవువాడే మేలని తేల్చుకొన్నది గమనింపుడు.

మనము చేయదగినది

మన కాలువలు ఒకప్పుడు రాజమార్గములు. కొమ్మమూరు కాలువయు, బకింగుహాము కాలువయు కలియుటచే కాకినాడనుండి చెన్నపట్నము వఱకు పడవలు నడచెడివి. ఆ పడవలు మరల రావలెనన్నచో ప్రభుత్వము పూనుకొనవలెను. కాని ప్రభుత్వము వచ్చువఱకు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కఱలేదు.

ఒక్కొక్క గ్రామమున అయిదాఱు యిండ్ల స్త్రీలు చేరి, డ్వాక్రా సంఘము ద్వారా అప్పు తీసికొని, ఇంటికొక గదిని శుభ్రము చేసి యుంచవచ్చును. దానికి ఆడంబరము వలదు. ఉతికిన దుప్పటి, దోమతెర, తలుపునకు లోగడియ, శుభ్రమైన మరుగుదొడ్డి, కాచి చల్లార్చిన నీరు, ఇవి చాలును. గదికింత, భోజనమునకింత యని గోడమీద వ్రాసి యుంచినచో తగవులుండవు. ఒంటరిగ వచ్చు స్త్రీకి ‘ఇది మన యిల్లే’ యని తోచునట్లుండవలెను. ఉన్నతపాఠశాలలో చదువు బాలికలకు ఊరి చరిత్రను తెలుగునను, హిందీలోను, ఇంగ్లీషునను చెప్పుట నేర్పవలెను. నేర్చిన పిల్ల ఊరికి దీపము. నందివెలుగు పేరున కథ యేమో, భట్టిప్రోలు పెట్టె మీద వ్రాత యేమో, ఆమె నోట వినినవాడు మరల మఱి నలుగురిని పంపును.

ఆంధ్రదేశమున పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలకు చట్టము వలన లభించినవి. ఆ కుర్చీలలో కూర్చున్న సోదరీమణులు బస్సు ఆగుచోట మరుగుదొడ్డి, రాత్రివేళ దీపము, చెత్త తీయు బండి, ఈ మూడింటిని ముందు సాధించినచో యాత్రికులకు మాత్రమే కాదు, ఊరి ఆడుబిడ్డలకును మేలు. పరులకై చేసిన వసతి మొదట మనవారికి ఉపకరించును. ఉపకరింపనిది వసతి కాదు, ప్రదర్శన.

మన స్త్రీలు ప్రయాణమునకు క్రొత్తవారు కారు. 1873లోనే పోతం జానకమ్మ రాఘవయ్యగారు ఇంగ్లండునకు పోయి వచ్చి, తాము చూచినదానిని తెలుగున వ్రాసిరి. అది 1876లో ఇంగ్లీషునను గ్రంథముగా వెలువడెను. నాడు ఓడనెక్కుటకు కావలసిన ధైర్యములో నూఱవపాలు చాలును, నేడు తెనాలిలో రేపల్లె రైలెక్కి భట్టిప్రోలున దిగుటకు. ఈ సెలవులకు దూరపు కొండలకు పోవుటకు ముందు మన పొరుగు నొకసారి చూచి రండు. పోయిన చోట ఒక పూట భోజనము ఆ యూరి ఇల్లాలివద్దనే చేయుడు. ఒక రాత్రి నిలువుడు. వచ్చునపుడు ఆ యూరి చేతిపని యొకటి కొని, తెచ్చిన సీసాను మరల తీసికొని రండు. దేశములోని భిన్న జనులను ఒకరికొకరిని చుట్టములను చేయు పనికి, ఏ పెద్ద ప్రణాళికకైనను మొదటి మెట్టు ఇదియే.